క్రాకోలో మంచి పిజ్జా ఎక్కడ? ముందు మెనూ చదవడం నేర్చుకోండి

మీ ప్రశ్నలో ఉన్నది ముందు రెండు మాటల్లో చెబుతాను, తరువాత చదివేవారికి కూడా అర్థం కావాలి కదా. మీరు పోలండ్‌లోని క్రాకో నగరానికి వచ్చి మూడు నెలలైంది. రుచాయ్ అనే పేటలో అద్దెకు ఉంటున్నారు. మీరు కోడిమాంసం తింటారు, మీ శ్రీమతి చేపా గుడ్డూ కూడా ముట్టరు. పాత నగరంలో మార్కెట్ కూడలికి ఆనుకుని ఉన్న ఒక రెస్టారెంట్‌లో ఇద్దరూ పిజ్జా తింటే 130 జ్లోటీలు (ఇక్కడి డబ్బు) అయింది. తీరా చూస్తే అంచు మాడి, మధ్యలో పచ్చిగా ఉంది. జూన్‌లో మీ అమ్మగారూ నాన్నగారూ వస్తున్నారు. ఈలోగా, వెళ్లదగిన ఐదు పిజ్జేరియాల పేర్లు కావాలన్నారు.

ఐదు పేర్లు ఇవ్వను, కోపగించుకోకండి. పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. చదువుకునే రోజుల్లో ఏడాదిన్నర పాటు ఒక పిజ్జేరియా వంటగదిలో పనిచేశాను. మొదట గిన్నెలు కడగడం, ఉల్లిపాయలు తరగడం. తరువాత పిండి ఉండలు చేయడం. పిజ్జా బాగుంటుందా లేదా అన్నది ముందు రోజు పిండి కలిపినప్పుడే సగం తేలిపోతుందని అక్కడ చూశాను. ఆ కలిపే మనిషి ఇంకో చోటికి వెళ్లిపోతే బోర్డు అదే ఉంటుంది, ఓవెన్ అదే ఉంటుంది, పిజ్జా మాత్రం మారిపోతుంది. అడిగినవారందరినీ నాలుగేళ్ల పాటు ఒకే చోటికి పంపాను. ఒక చలికాలంలో అక్కడి వంటమనిషి మానేశాడు. ఆ సంగతి నాకు తెలియదు. ఆ తరువాత నా మాట విని వెళ్లిన స్నేహితులు ఇప్పటికీ ఆ అట్టముక్కల గురించి నన్ను దెప్పుతూనే ఉంటారు. అప్పటి నుంచి పేర్ల జాబితాలు ఇవ్వడం మానేశాను.

మరీ ఉత్తచేతులతో పంపడం బాగుండదు కనుక రెండు పేర్లు చెబుతాను. ఇటలీలోని నేపుల్స్ నగరపు పద్ధతి పిజ్జా కావాలంటే కజిమియెజ్ పేటలో క్రకొవ్‌స్కా వీధిలోని నోలియో. పాత నగరం అంచున, విశ్వవిద్యాలయం వైపు తిరుగుతున్నప్పుడు ఆకలేస్తే కర్మెలిత్స్కా వీధిలోని మమ్మా మియా. వెళ్లే ముందు ఫోనులో వేళలు చూసుకోండి. ఇక మిగతా పిజ్జేరియాలను మీరే వెతుక్కోగలగాలి. దానికి పట్టేది పది నిమిషాలు.

మొదట మెనూ. పోలిష్‌లో దాన్ని కార్తా అని కూడా అంటారు. తలుపు పక్కన గోడకు తగిలించి ఉంటుంది, లేదా ఫోనులో దొరుకుతుంది. పిజ్జాలు ఎన్ని రకాలు ఉన్నాయో లెక్కపెట్టండి. పది, పన్నెండు, పదిహేను రకాలుంటే ముందుకు వెళ్లవచ్చు. నలభై ఐదు రకాల పిజ్జాలు, వాటి కింద బర్గర్లు, కెబాబ్, పాస్తా, ఆపైన పియెరోగి అనే ఇక్కడి ఉడికించిన కజ్జికాయలు కూడా ఉంటే తిరిగి నడవండి. అన్ని సరుకులు తాజాగా నిలవ ఉంచడం చిన్న వంటగదికి సాధ్యం కాదు. నలభై ఐదు రకాలంటే నలభై ఐదు డబ్బాలు, వాటిలో సగం డీప్ ఫ్రీజర్ సరుకే. మార్కెట్ కూడలి చుట్టూ ఆరు భాషల్లో బొమ్మలతో మెనూ పట్టుకుని వాకిట్లో నిలబడి పిలిచేవాళ్లు ఉంటారు. మన ఊళ్లో బస్టాండు ఎదుట హోటలు ముందు నిలబడి పిలిచే మనిషిని చూసి మనం ఏమనుకుంటామో, ఇక్కడా అదే అనుకోండి.

తరువాత జున్ను, అంటే చీజ్, పేరు ఎలా రాశారో చూడండి. ఊరికే సెర్ అని ఉంటే జున్ను అని మాత్రమే అర్థం, ఏ జున్నైనా కావచ్చు. మొజ్జరెల్లా అని ఉంటే కొంత నయం. ఫియోర్ ది లాత్తే అని ఉంటే, ఆవుపాల మొజ్జరెల్లాను విడిగా తెప్పించి వేస్తున్నారని అర్థం. ఇక్కడి దుకాణాల్లో చౌక ప్యాకెట్ల మీద ఒక్కోసారి ప్రొదుక్త్ సెరొపొదొబ్నీ అనే మాట కనిపిస్తుంది. జున్నును పోలిన పదార్థం అని దాని అర్థం. చల్లారాక రబ్బరు చెప్పులా సాగేది అదే. సైజుల సంగతి కూడా చూడండి. మూడు నాలుగు సైజులుంటే అది ఇంటికి పంపే వ్యాపారం మీద నడిచే చోటు. ఒకే సైజు ఉంటే సాధారణంగా నేపుల్స్ పద్ధతి అనుకోవచ్చు. ధర విషయానికి వస్తే, నేపుల్స్ పద్ధతి మార్గెరీటా పిజ్జా సుమారు 30 నుంచి 40 జ్లోటీల మధ్య ఉంటుంది. అంతకన్నా బాగా ఎక్కువ ఉంటే మీరు కిటికీలోంచి కనిపించే చర్చి గోపురానికి కూడా డబ్బు కడుతున్నారన్నమాట.

ఇక్కడ కొంచెం పాత కథ చెప్పాలి. లేకపోతే ఈ ఊరి రివ్యూలు మీకు అర్థం కావు. పోలండ్‌లో పిజ్జా అడుగుపెట్టింది కమ్యూనిస్టు ప్రభుత్వం ఉన్న కాలంలో. ఉత్తరాన స్వుప్స్క్ అనే ఊళ్లో 1970ల మధ్యలో మొదలైన పొరానెక్ అనే చోటును దేశంలో అతి పాత పిజ్జేరియాగా చెప్పుకుంటారు. అసలైన మొజ్జరెల్లా ఎక్కడ దొరుకుతుంది ఆ రోజుల్లో? మెత్తని, మందమైన రొట్టెలాంటి పిండి మీద పుట్టగొడుగులు, పసుపు రంగు గట్టి జున్ను వేసి కాల్చారు, పైన కెచప్. ఒక తరం పిల్లలు దాన్నే పిజ్జా అనుకుని పెరిగారు. తరువాత 1990లలో ఇంటికి తెచ్చిచ్చే పిజ్జాలు వచ్చాయి, వాటితోపాటు చిన్న డబ్బాలో తెల్లటి వెల్లుల్లి సాస్ వచ్చింది. సోస్ చొస్న్‌కోవీ అంటారు. మయొనీసులోనో పెరుగులోనో వెల్లుల్లి కలిపి చేస్తారు. పిజ్జా మీద దాన్ని ధారగా పోసుకోవడం ఇక్కడ ఎంత మామూలంటే, మన ఇంట్లో పప్పన్నంలో నెయ్యి వేసుకున్నంత మామూలు. దాన్ని నేను వెక్కిరించడం లేదు. మందంగా, కొంచెం పొడిగా ఉండే పిజ్జాకు అది బాగానే కుదురుతుంది, రాత్రి పదకొండు గంటలకు మరీను.

అయితే ఈ అలవాటే మనకు మంచి కొలబద్ద అయింది. మ్యాపులో పిజ్జేరియా పేజీ తెరిచి, మొత్తం మార్కులు వదిలేసి, ఒక్క నక్షత్రం ఇచ్చిన రివ్యూలను కొత్తవాటి నుంచి వెనక్కి చదవండి. అనువాదం నొక్కితే చాలు, భాష రానవసరం లేదు. వెల్లుల్లి సాస్ ఇవ్వలేదని, కెచప్ అడిగితే లేదన్నారని, సగం ఒకటి సగం ఇంకొకటి చేసి ఇవ్వమంటే కుదరదన్నారని, రాత్రి ఎనిమిదింటికే పిండి అయిపోయిందని పంపేశారని తిట్లు కనిపిస్తే ఆ చోటు నమోదు చేసుకోండి. ఆ తిట్లన్నీ పొగడ్తలే. పిండి అయిపోయింది అంటే పిండిని ముందు రోజు లెక్కగా కలిపి పులియబెడుతున్నారని, అప్పటికప్పుడు కలిపి వేయరని అర్థం. అలా కాకుండా జకాలెత్స్ అనే మాట పదే పదే కనిపిస్తే ఆ చోటు వద్దు. కేకుగానీ రొట్టెగానీ లోపల ఉడకకుండా ముద్దకట్టి ఉండిపోతే దాన్ని జకాలెత్స్ అంటారు. పొలెత్సమ్ అంటే సిఫారసు చేస్తున్నాను, ముందు నియే చేరితే చేయడం లేదు. పోలండ్ వాళ్లు ఊరికే పొగడరు. అయిదు నక్షత్రాలు ఇచ్చి కింద ‘తినవచ్చు’ అని ఒక్క మాట రాసే మనుషులు వీళ్లు.

రివ్యూల కన్నా ఫోటోలు ఇంకా నిజం చెబుతాయి, యజమాని పెట్టినవి కాదు, తిన్నవాళ్లు పెట్టినవి. అంచు చూడండి. ఉబ్బి, పుల్కా మీద పడే మచ్చల్లా అక్కడక్కడ నల్లటి చుక్కలుంటే అది బాగా వేడెక్కిన ఓవెన్‌లో కాలిన పిండి. అంచు చుట్టూ ఒకే మందంతో, ఒకే లేత గోధుమ రంగులో బిస్కెట్టులా ఉంటే కర్రతోనో యంత్రంతోనో ఒత్తిన పిండి. చేత్తో సాగదీసేటప్పుడు మధ్యలోని గాలిని వేళ్లతో అంచుకు తోస్తాం. కర్రతో ఒత్తితే ఆ గాలి మొత్తం పోతుంది. నాకు ఇది నేర్పడానికి మా వంటమనిషికి మూడు వారాలు పట్టింది. చపాతీ ఒత్తిన చెయ్యి కదా, ఎక్కడ ముద్ద కనిపించినా చదును చేసేస్తుంది.

వెతికేటప్పుడు ఊరికే పిజ్జా అని కొట్టకుండా, పోలిష్‌లో పిజ్జా నెయపొలితాన్‌స్కా అని, పక్కన పేట పేరు కలిపి కొట్టండి. ఇటాలియన్ వంటకు కుహ్నియా వ్వోస్కా అంటారు. ఇటలీని వీళ్లు వ్వోహి అని పిలుస్తారు, ఇటలీ అనరు. మొదటి ఏడాది నాకు బోర్డులు చూసినా అది ఇటాలియన్ హోటలని తెలిసేది కాదు. అన్నట్టు, ఇటలీకీ ఈ ఊరికీ బంధుత్వం పాతది. 1518లో బోనా స్ఫోర్త్సా అనే ఇటాలియన్ రాకుమారి పోలండ్ రాజును పెళ్లాడి ఇక్కడి వవెల్ కోటకు వచ్చింది. సూపులోకి కట్టలుగా కట్టి అమ్మే క్యారెట్, సెలెరీ దుంప, లీక్ కూరగాయల కట్టను సంతలో ఇప్పటికీ వ్వోష్చిజ్నా అనే అంటారు. ఇటలీ సరుకు అని అర్థం. అది ఆవిడ చలవే అని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఇక మీరు తిన్న ఆ పచ్చి పిజ్జా సంగతి. ఇందులో రెండు అవకాశాలున్నాయి, తేడా తెలుసుకోవడం ముఖ్యం.

నేపుల్స్ పద్ధతిలో ఓవెన్ వేడి 430 నుంచి 480 డిగ్రీలు ఉంటుంది, పిజ్జా లోపల ఉండేది అరవై నుంచి తొంభై సెకన్లు. అంత తక్కువ సమయంలో టమాటా రసం, మొజ్జరెల్లా నీరు ఆవిరైపోవు. మధ్యభాగం తడిగా, మెత్తగా ఉంటుంది, ముక్క పట్టుకుంటే కొస కిందికి వేలాడుతుంది. అది లోపం కాదు, ఆ పద్ధతే అంత. నేపుల్స్‌లో 1984లో ఏర్పడిన సంఘం ఒకటి దీనికి నియమాలు కూడా రాసి పెట్టింది: అడ్డంగా 35 సెంటీమీటర్లు మించకూడదు, అంచు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఉండాలి, ఇలా. హైదరాబాదులో గొలుసు దుకాణాల పిజ్జా తిని వచ్చినవారికి ఈ తడి మొదటిసారి పచ్చిగానే తోస్తుంది. నాకూ తోచింది.

నిజంగా పచ్చిగా ఉన్నది వేరు. ముక్కను కొంచెం ఎత్తి అడుగు చూడండి. అడుగున గోధుమ రంగు, అక్కడక్కడ నల్ల చుక్కలు ఉంటే కాలినట్టు. తెల్లగా, చేతికి పిండి అంటుతూ ఉంటే కాలలేదు. తరువాత ముక్కను పక్క నుంచి చూడండి. సాస్‌కు సరిగ్గా కింద బూడిద రంగులో, జిగటగా, మైనంలా ఒక పొర కనిపిస్తే అదే జకాలెత్స్. వేలితో నొక్కితే మళ్లీ పైకి లేవదు. అంచు మాడి అడుగు తెల్లగా ఉందంటే, ఓవెన్ పైభాగం వేడెక్కింది గానీ కింద పిజ్జా పెట్టే రాయి చల్లారిపోయింది. రద్దీ వేళ వరుసగా పిజ్జాలు వేస్తూ రాయి మళ్లీ వేడెక్కేదాకా ఆగకపోతే ఇలాగే జరుగుతుంది. మేమూ శుక్రవారం రాత్రుల్లో ఈ తప్పు చేశాం, అబద్ధం ఎందుకు. మీకు వచ్చింది ఇదే అయితే వెనక్కి పంపే హక్కు మీకుంది. మొహమాటపడకండి.

కట్టెల పొయ్యి ఉంటేనే మంచి పిజ్జా అన్న మాట మీరు వినే ఉంటారు. ఈ ఊళ్లో ఆ కొలతను పక్కన పెట్టండి. చలికాలపు పొగ భరించలేక 2019 సెప్టెంబర్ 1 నుంచి క్రాకోలో ఇళ్ల పొయ్యిల్లో, బాయిలర్లలో బొగ్గు, కట్టెలు కాల్చడం నిషేధించారు. గ్యాసు ఓవెన్, కరెంటు ఓవెన్ సరిపడా వేడెక్కితే పిజ్జాకు తేడా తెలియదు. వాకిట్లో అలంకారానికి పేర్చిన కట్టెలు చూసి మోసపోకండి.

కొత్త చోటుకు మొదటిసారి వెళ్తే మార్గెరీటా మాత్రమే చెప్పండి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా, ఆ మెతుకు ఇదే. టమాటా, జున్ను, తులసి జాతి ఆకు, ఆలివ్ నూనె, అంతే. ఏ లోపాన్నీ కప్పిపెట్టడానికి పైన ఇంకేమీ ఉండదు. చల్లారాక ఒక ముక్క అంచు విడిగా కొరికి చూడండి. ఇడ్లీ పిండి పులిసిందో లేదో మూత తీయగానే చెప్పే మనకు ఇది కష్టం కాదు. బాగా పులిసిన పిండికి సన్నటి పులుపు, కమ్మటి వాసన ఉంటాయి. తిన్న గంటకు గొంతు ఎండిపోయి సీసాల కొద్దీ నీళ్లు తాగాల్సి వస్తుంటే పిండి సరిగా పులియలేదని నా అనుభవం.

ఇప్పుడు మీ శ్రీమతి విషయం. ఇది జాగ్రత్తగా చదవండి. మాంసం లేకుండా అని చెప్పడానికి బెజ్ మియెన్సా అంటారు. అది చాలదు. మా పిన్నిగారి అబ్బాయి వచ్చిన కొత్తలో ఒక చోట ఇలాగే చెప్పి కూర్చున్నాడు. పిజ్జా వచ్చింది, పైన ఉల్లిపాయ చక్రాల మధ్య గోధుమ రంగు పీచు పీచుగా ఏదో ఉంది. పనస ముక్కలేమో అనుకుని కొరికాడు. అది ట్యూనా చేప. వడ్డించిన అమ్మాయి నిజంగానే ఆశ్చర్యపోయింది: “మాంసం వద్దన్నారుగా, ఇది చేప కదా.” ఆమె తప్పేమీ లేదు. ఇక్కడి కాథలిక్ ఆచారంలో శుక్రవారం మాంసం మానేస్తారు, క్రిస్మస్ ముందు రాత్రి భోజనంలోనూ మాంసం ఉండదు, కానీ అదే రాత్రి కార్ప్ చేప వండుతారు. వాళ్ల లెక్కలో చేప మాంసం కాదు. కనుక పూర్తిగా చెప్పాలి: నియే యెమ్ మియెన్సా ఆని రిబ్. మాంసం తినను, చేపలూ తినను. ఈ ఒక్క వాక్యం ఆవిడ చేత బట్టీ పట్టించండి.

గుడ్డు గురించి పెద్దగా భయం లేదు, పిజ్జా పిండిలో మామూలుగా గుడ్డు వేయరు. అనుమానం ఉంటే అలెర్జీ పదార్థాల జాబితా చూపించమనండి. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం 14 రకాల పదార్థాల వివరం వాళ్లు చెప్పి తీరాలి. ఆ పద్నాలుగులో గుడ్డు, చేప, పాలు ఉన్నాయి. మాంసం మాత్రం లేదు, అది గుర్తుంచుకోండి.

జున్ను సంగతి మీ శ్రీమతి ఎంత పట్టింపుగా ఉంటారన్న దాన్ని బట్టి. పార్మెజాన్, గ్రానా పదానో జున్నులను దూడ కడుపు నుంచి తీసిన ఎంజైముతో పాలు విరగ్గొట్టి చేస్తారు. పోలిష్‌లో ఆ ఎంజైమును పొత్పుష్చ్‌కా అంటారు. ప్యాకెట్ మీద ఆ మాట పక్కన మిక్రొబియొలొగిచ్నా అని ఉంటే సూక్ష్మజీవుల నుంచి చేసినది, ఇబ్బంది లేదు. అంత పట్టింపు ఉంటే మరినారా పిజ్జా చెప్పండి. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె తప్ప జున్నే ఉండదు. నా మటుకు మంచి టమాటా వాడే చోట మరినారా తిన్నాక మార్గెరీటా గుర్తుకు రాదు.

మెనూలో తప్పించుకోవాల్సిన మాటలు: షింకా పంది తొడ మాంసం, బొచెక్ పంది పొట్ట మాంసం, కియెవ్‌బాసా సాసేజ్, వియెప్‌షొవీనా పంది మాంసం, వొవొవీనా గొడ్డు మాంసం. మీకు కావలసిన కోడి కుర్చాక్. అన్నిటికన్నా మోసగత్తె ఎందూయా. కారంగా, ఎర్రగా, పచ్చడిలా పూసి ఉంటుంది, చూడగానే మన చెయ్యి అటే పోతుంది. అది ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో చేసే పంది మాంసపు ముద్ద. పెపెరోనీ అనే మాటను కూడా నమ్మకండి. ఇక్కడ ఒక సీసా మీద అది ఊరవేసిన మిరపకాయ, ఒక పిజ్జా మీద అది కారపు సలామీ, అంటే మాంసపు సాసేజ్ చక్రాలు. పిజ్జా పేరు కాక, దాని కింద రాసిన పదార్థాలు చదవండి. కప్రిచోజా అంటే ఇక్కడ చాలాచోట్ల పంది తొడ మాంసం, పుట్టగొడుగులు. వియెయ్‌స్కా, అంటే పల్లెటూరి పిజ్జా, పేరు వినడానికి కూరగాయలు గుర్తొస్తాయి గానీ పైన ఉండేవి సాసేజ్, పంది మాంసం, ఊరగాయ దోసకాయ. కావలసినవి ఇవి: పియెచార్కి పుట్టగొడుగులు, త్సెబూలా ఉల్లి, ష్పినాక్ పాలకూర, బక్‌వాజాన్ వంకాయ. ఓవెన్‌లో మగ్గిన వంకాయతో పిజ్జా కనిపిస్తే వదలకండి.

పేటల విషయానికి వస్తే, మీరుండే రుచాయ్ కొత్తగా పెరిగిన ప్రాంతం, ఆఫీసులూ అపార్టుమెంట్లూ. అక్కడ ఇంటికి తెచ్చిచ్చే పిజ్జాలు ఎక్కువ, కూర్చుని తినదగినవి తక్కువ. సాయంత్రం ట్రామెక్కి కజిమియెజ్ వెళ్లండి. అక్కడి నుంచి బెర్నాత్కా పాదచారుల వంతెన మీద నది దాటితే పొద్‌గూజె అనే పేట. అద్దెలు కూడలి దగ్గరంత ఉండవు, తినేవాళ్లు ఆ పేటవాళ్లే, మళ్లీ రావాల్సినవాళ్లే. ఒక్కసారి వచ్చి పోయే పర్యాటకుడికి వండే వంటకూ, వచ్చే శుక్రవారం మళ్లీ కనిపించే మనిషికి వండే వంటకూ తేడా ఉంటుంది. జబ్‌వోచె వైపు ఆఫీసులున్నాయి కనుక వారం రోజుల్లో మధ్యాహ్నం తక్కువ ధరకు భోజనం దొరుకుతుంది. విద్యార్థుల హాస్టళ్లున్న క్రొవోద్జా వైపు చౌక, కడుపు నిండుతుంది, అంతకన్నా ఆశించకండి. ఆదివారాల్లో చాలావరకు పెద్ద దుకాణాలు మూసి ఉంటాయి, హోటళ్లు తెరిచి ఉంటాయి. అందుకే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ప్రతిచోటా వరుసే.

ఇంటికి తెప్పించుకునేటప్పుడు నేపుల్స్ పిజ్జా చెప్పకండి. అట్టపెట్టెలో ఇరవై నిమిషాలు తన ఆవిరిలో తనే ఉడికి తడిగుడ్డలా వస్తుంది. దానికి పల్చటి కరకరలాడే రకమో, పిన్సా అనే కోలగా ఉండే రోమన్ రకమో నయం. సైజు లెక్క కూడా వేసుకోండి. 42 సెంటీమీటర్ల పిజ్జా 32 సెంటీమీటర్ల దానికన్నా చూపుకు కాస్త పెద్దది, విస్తీర్ణంలో మాత్రం 70 శాతం పైగా ఎక్కువ. ధర అంతగా పెరగదు. పెట్టెకు విడిగా ఒకటి రెండు జ్లోటీలు వేస్తారు, ఒపకొవానియె అని బిల్లులో కనిపించేది అదే.

బిల్లు దగ్గర ఒక చిక్కు. నోట్లు ఇస్తూ జెంకుయె, అంటే కృతజ్ఞతలు, అన్నారంటే చిల్లర మీరే ఉంచుకోండి అని అర్థం చేసుకుంటారు. నేను మొదటి నెలలో 62 జ్లోటీల బిల్లుకు వంద నోటు ఇచ్చి, మర్యాదగా జెంకుయె అని నవ్వాను. ఆయన అంతకన్నా మర్యాదగా వంగి దండం పెట్టి వెళ్లిపోయాడు. పదిహేను నిమిషాలు కూర్చున్నాను చిల్లర కోసం. కనుక నోటు ఇచ్చేటప్పుడు ప్రోషె అనండి, చిల్లర చేతికొచ్చాకే జెంకుయె. బాగా చూసుకుంటే పది శాతం ఇవ్వడం ఆనవాయితీ. నీళ్లు కూడా అడిగితే సీసా తెచ్చి బిల్లు వేస్తారు. గ్యాసు లేనిది కావాలంటే నియెగజొవానా అనాలి.

మీ అమ్మగారూ నాన్నగారూ వచ్చినప్పుడు తడి పిజ్జాతో మొదలుపెట్టకండి, మీకు ఎదురైన అనుభవమే వాళ్లకూ అవుతుంది. ప్రోషె దోబ్జె విపియెచొనా అని చెబితే ఇంకొంచెం ఎక్కువగా కాల్చి ఇస్తారు. నేపుల్స్ పద్ధతి పిజ్జాను కొన్నిచోట్ల కోయకుండా తెస్తారు, పెద్దవాళ్లకు కత్తి, ఫోర్కులతో ఇబ్బంది కనుక ముక్కలు చేసి ఇమ్మనండి. కారం కోసం చిల్లీ నూనె అడగండి, చాలాచోట్ల ఉంటుంది. మన దగ్గరలా మిరప గింజల పొట్లాలు మాత్రం ఇవ్వరు. పిజ్జా నచ్చకపోతే దాని తమ్ముడిని చూపించండి: కజిమియెజ్‌లో ప్లాత్స్ నోవీ అనే చిన్న మైదానం మధ్యలో గుండ్రటి కట్టడం ఉంది, దాని చుట్టూ కిటికీల్లో జపియెకాంకా అమ్ముతారు. మూరెడు పొడవున్న రొట్టెను నిలువుగా చీల్చి, పుట్టగొడుగులు, జున్ను పరిచి కాల్చి, పైన కెచప్ పోసి ఇస్తారు. మామూలు రకంలో మాంసం ఉండదు. ఇద్దరికి ఒకటి సరిపోతుంది.

మిగిలిన పిజ్జాను ఇంటికి తెస్తే మైక్రోవేవ్‌లో పెట్టకండి, తోలులా తయారవుతుంది. దోసె పెనం సన్నటి మంట మీద వేడి చేసి, ముక్కలు పరిచి, పక్కన రెండు చుక్కలు నీళ్లు చల్లి మూత పెట్టండి. మూడు నిమిషాల్లో అడుగు కరకరలాడుతుంది, పైన జున్ను మళ్లీ కరుగుతుంది. మా ఇంట్లో అప్పుడు దాని మీద ఆవకాయ జాడీలోని నూనె ఒక చెంచా వేసుకుంటాం. ఈ సంగతి మా వంటమనిషికి ఇప్పటికీ చెప్పలేదు.